సగం లేకుండా ఒకటి

1/2, 1/3, 1/6 కలిపితే ఒకటి. ఇది బడిపిల్లల లెక్క. దీనికి ఒక చిన్న షరతు పెట్టి చూడండి: హారాలన్నీ బేసి సంఖ్యలే కావాలి, ఏదీ రెండోసారి రాకూడదు, 1/1 అనే దొంగదారి చెల్లదు. కనీసం ఎన్ని భిన్నాలు కావాలి?

లవం ఒకటే ఉండే భిన్నాలతో కుస్తీ చాలా పాతది. క్రీ.పూ. 1550 ప్రాంతంలో అహ్మెస్ అనే ఈజిప్టు లేఖకుడు నకలు రాసిన పపైరస్‌లో 2/5 అంటే 1/3 + 1/15. మన దగ్గర 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు ఒకటిని కావలసినన్ని ముక్కలు చేసే సూత్రమే ఇచ్చాడు. నాలుగు ముక్కలైతే 1/2 + 1/3 + 1/9 + 1/18. పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చింది ఆయన 'గణితసారసంగ్రహా'న్నే. అయితే ఆ సూత్రంలో మొదటి ముక్కే సగం. మనకు అక్కరకు రాదు.

ముందు కాగితం మీద ఏమీ కూడకుండానే తేలిపోయే సంగతి ఒకటుంది. హారాలన్నీ బేసి అయితే వాటి క.సా.గు. కూడా బేసే. దాన్ని హారంగా పెట్టి రాస్తే పైన వచ్చే లవాలూ బేసి సంఖ్యలే. వాటి మొత్తం ఆ బేసి క.సా.గు.కి సమానం కావాలి. సరిసంఖ్యలో బేసులను కూడితే బేసి రాదు. కాబట్టి భిన్నాలు ఆరో ఎనిమిదో ఉండే ప్రసక్తే లేదు. నాకైతే లెక్క మొత్తంలో ఇదే ముద్దొచ్చే చోటు.

ఇక ఐదు చాలవు: 1/3 నుంచి 1/11 దాకా ఐదూ కలిపినా 0.88 దాటదు. ఏడు? ఇక్కడే ఊరించి ఏడిపిస్తుంది. 1/15 దాకా వెళ్తే 1.02 అవుతుంది, అంటే కాస్త అటూ ఇటూ సర్దితే సరిపోయేలా ఉంటుంది. కానీ 11ని వదిలేసి 13, 15, 17 తీసుకున్నా మొత్తం 0.99 దగ్గరే ఆగుతుంది. అంతకన్నా చిన్న హారాన్ని వదిలితే ఇంకా తగ్గుతుంది. అందుకే 3, 5, 7, 9, 11 తప్పనిసరి. అవి పోగా మిగిలేది 422/3465. దాన్ని రెండు భిన్నాలతో పూడ్చాలంటే ఒకటి 1/13 గానీ 1/15 గానీ కావాలి; 1/17, 1/19 కలిపినా చాలవు. 1/13 తీసేస్తే 2021/45045, 1/15 తీసేస్తే 191/3465 మిగులుతాయి. రెండింటిలో ఏదీ లవం ఒకటిగా కుదించుకోదు. ఏడు కూడా పోయింది.

కానీ ఆ 191/3465ని పారేయకండి. తొమ్మిది భిన్నాలైతే ఇంకో మూడింటికి చోటుంది. అంటే 3465ని భాగించే మూడు వేర్వేరు సంఖ్యలు కలిసి 191 అయితే చాలు. 99 + 77 + 15 = 191! అవి 1/35, 1/45, 1/231 అవుతాయి.

1/3 + 1/5 + 1/7 + 1/9 + 1/11 + 1/15 + 1/35 + 1/45 + 1/231 = 1.

తొమ్మిదితో ఇలాంటి జవాబులు మొత్తం ఐదున్నాయి. 165 + 21 + 5 కూడా 191 అవుతుంది చూడండి. మిగతా మూడు మీరే పట్టుకోండి. వాటిలో ఒకటి మాత్రం 3465తో దొరకదు, దాని మూడు రెట్లలో వెతకాలి.