నీలం ఇస్తే వంగపండు రంగు ఎందుకొచ్చింది?

డీటీపీ సెంటర్లలో తరచూ వినిపించే గొడవ ఇది: "స్క్రీన్ మీద నిండు నీలం పెట్టాం, కార్డు చూస్తే వంగపండు రంగులో వచ్చింది." ప్రెస్‌ది తప్పని కస్టమర్, ఫైలుదే తప్పని ప్రెస్ వాళ్లు. నా ఓటు చాలాసార్లు ప్రెస్ వాళ్లకే.

మానిటర్ వెలుగును విరజిమ్ముతుంది. సిరా వెలుగును మింగుతుంది. సయాన్ సిరా ఎరుపు వెలుగును, మెజెంటా ఆకుపచ్చను, పసుపు నీలాన్ని మింగగా మిగిలిందే కంటికి చేరుతుంది. కాబట్టి కాగితం మీద నీలం కావాలంటే సయాన్, మెజెంటా రెండూ పడాలి. స్క్రీన్ మీది నిండు నీలం, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల అంకెలైన ఆర్‌జీబీలో 0, 0, 255, ఈ సిరాలకు అందే రంగు కాదు. దాన్ని ఫోటోషాప్‌లో ఎంతోకాలంగా వాడుకలో ఉన్న అమెరికన్ అచ్చు ప్రమాణం స్వాప్ ప్రొఫైల్‌తో సీఎంవైకేలోకి, అంటే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు (కే) సిరాల అంకెల్లోకి మారిస్తే సయాన్ 88, మెజెంటా 77 శాతం దగ్గర తేలుతుంది. ఈ రెండు అంకెలూ ఇంత దగ్గరగా ఉంటే ఊదా ఛాయ తప్పదు. మెజెంటాను సయాన్ కంటే 30 పాయింట్లయినా తగ్గించి ఉంచితే నీలం నీలంగా వస్తుంది.

అసలు ఆ అంకెలు రంగులు కావు, యంత్రానికి ఇచ్చే ఆదేశాలు. కుంచం ఒక్కో ప్రాంతంలో ఒక్కో కొలత అయినట్టు, "సయాన్ 88" అన్నది కూడా ఏ సిరా, ఏ కాగితం అన్నదాన్ని బట్టి మారిపోతుంది. ఆ వివరం చెప్పేదే కలర్ ప్రొఫైల్. వేర్వేరు కంపెనీల యంత్రాలు ఒకే పద్ధతిలో ప్రొఫైళ్లు వాడాలని 1993లో ఇంటర్నేషనల్ కలర్ కన్సార్షియం ఏర్పడింది. ఇప్పటి ఫోటోల్లో ఎక్కువగా కనిపించే ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్‌ను హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో ప్రతిపాదించాయి.

ఫోటోషాప్ మెనూలో అసైన్ ప్రొఫైల్, కన్వర్ట్ టు ప్రొఫైల్ పక్కపక్కనే ఉంటాయి గానీ పనులు పూర్తిగా వేరు. అసైన్ చేస్తే అంకెలు అలాగే ఉండి, వాటి అర్థం మారుతుంది, కనిపించే రంగూ మారుతుంది. కన్వర్ట్ చేస్తే కనిపించే రంగును వీలైనంత కాపాడుతూ అంకెలు మారతాయి. ప్రొఫైల్ లేకుండా వచ్చిన ఫోటోకు ముందు అసైన్, తర్వాత ప్రెస్ వాళ్లు చెప్పిన ప్రొఫైల్‌లోకి కన్వర్ట్. ఏ ప్రొఫైల్ అని డిజైన్ మొదలుపెట్టే ముందే వాళ్లను అడిగేస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

నీలం సంగతి కస్టమర్ వెంటనే పట్టేస్తాడు. నలుపు మాత్రం అంత తేలిగ్గా దొరకదు. వర్డ్ నుంచి తెచ్చిన మ్యాటర్‌లో నలుపు సాధారణంగా ఆర్‌జీబీ నలుపు. అదే స్వాప్‌తో మారిస్తే సయాన్ 75, మెజెంటా 68, పసుపు 67, నలుపు 90 అవుతుంది. మొత్తం 300 శాతం సిరా! ఆర్ట్ పేపర్ దీన్ని ఎలాగోలా భరిస్తుంది. న్యూస్‌ప్రింట్‌కు 240 దాటితేనే కష్టం: సిరా ఆరదు, పక్క పేజీకి అంటుకుంటుంది. అంతకంటే పెద్ద చిక్కు, ప్రతి అక్షరం నాలుగు ప్లేట్ల నుంచి (ఒక్కో సిరాకు ఒక్కో ప్లేటు) అచ్చు కావడం. ఒక ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అంచుల్లో రంగులు కనిపిస్తాయి. తెలుగు అక్షరాల సున్నాలు, వత్తులు, గుడుల లోపలి ఖాళీలు చిన్నవి. 9 పాయింట్ల సైజులో అవి పూడుకుపోతాయి. మ్యాటర్ నలుపు ఎప్పుడూ 100 శాతం కే ఒక్కటే ఉండాలి. స్వాచెస్‌లో (రంగుల జాబితాలో) కనిపించే రిజిస్ట్రేషన్ అనే నలుపును అక్షరాలకు వాడకండి. అది నాలుగు ప్లేట్లలోనూ 100 శాతం పడుతుంది, కటింగ్ గుర్తుల కోసం పెట్టింది.

పీడీఎఫ్ పంపే ముందు ఆక్రోబాట్‌లో ఔట్‌పుట్ ప్రివ్యూ తెరిచి నలుపు ప్లేటు టిక్ తీసేయండి. మ్యాటర్ మొత్తం మాయం కావాలి. మసకగా ఎక్కడైనా మిగిలితే, ఆ పేరాకు డాక్యుమెంట్‌లో బ్లాక్ స్వాచ్ పెట్టి పీడీఎఫ్ మళ్లీ తీయాల్సిందే.