పటం వెనక అట్ట

కడపలో చాలా ఇళ్ల వంటగట్టు నల్లటి కడప బండే. దాని మీద నిమ్మరసం చుక్క పడి, వెంటనే తుడవకపోతే తెల్లటి మచ్చ మిగిలిపోతుంది. ఎంత తోమినా పోదు. అది మరక కాదు, ఆ చోట రాయి కరిగి నునుపు పోయింది. కడప బండ సున్నపురాయి, అంటే ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. ఆమ్లం తగిలితే కరుగుతుంది, కరుగుతూ ఆమ్లం గుణాన్నీ విరిచేస్తుంది. గోడ మీది పటాన్ని కాపాడేదీ ఈ చర్యేనని నాకు ఆలస్యంగా తెలిసింది.

నిరుడు మా అవ్వాతాతల పెళ్లి ఫోటో చట్రం విరిగితే విప్పి చూశాను. గాజు బాగానే ఉంది. వెనక పెట్టిన అట్ట మాత్రం బెల్లం రంగుకు తిరిగి, పట్టుకుంటే అప్పడంలా విరిగింది. ఫోటో చుట్టూ కిటికీలా కత్తిరించి పెట్టిన మౌంట్ అట్ట అంచు ఎక్కడ ఆనిందో సరిగ్గా అక్కడ గోధుమరంగు గీత. ఎండ పడే చోటు కాదు, నీళ్లూ తగల్లేదు. ఫోటోకు రక్షణగా పెట్టిన అట్టే దాన్ని తినేసింది.

చవక అట్టల్లో కలప నుంచి వచ్చిన లిగ్నిన్ అనే పదార్థం చాలా మిగిలి ఉంటుంది. గాలి, వెలుతురు తగిలి అది ఏళ్ల తరబడి విచ్ఛిన్నమవుతూ ఆమ్లాలను పుట్టిస్తుంది. పాత దినపత్రిక పసుపెక్కేదీ దీనివల్లే. కాగితం బలమంతా సెల్యులోజ్ అనే పొడవాటి గొలుసుల్లో ఉంది. ఆమ్లం అండతో గాలిలోని తేమ ఆ గొలుసులను తుంచుతుంది. ఈ పనిలో ఆమ్లం ఖర్చయిపోదు, ఒకటి తెగాక మరొకదాని మీదికి పోతుంది. పైగా ఇలాంటి చర్యల వేగం సుమారు 10 డిగ్రీల వేడి పెరిగితే రెండింతలవుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో ఎండకు కాగే పడమటి గోడకు పటం తగిలించకూడదనేది అందుకే. లోపలి గోడే మేలు.

నంద్యాల జిల్లాలోని బెలుం గుహల్లో నడిచినవారు వంటగట్టు మీద నిమ్మరసం చేసిన రసాయన చర్యనే ఇంకో కొలతలో చూసినట్టే. కార్బన్ డయాక్సైడ్ కలిసిన నీరు బలహీనమైన ఆమ్లం. అది సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ పోగా ఏర్పడ్డ గుహల పొడవు 3,229 మీటర్లు. ఈ చర్యనే వాడుకుని, ఆమ్లరహిత అట్ట తయారీలో కాగితపు గుజ్జులో కాల్షియం కార్బొనేట్ పొడిని ముందే కలిపి ఉంచుతారు. ఆమ్లం పుట్టిన చోటే విరిగిపోతుంది, గొలుసుల దాకా పోదు. మన్నికైన కాగితానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9706 ఇలాంటి నిల్వ కనీసం 2 శాతం ఉండాలంటుంది. పటం కట్టించేటప్పుడు చట్రానికి బంగారు రంగు వేయించాలా వద్దా అని గంటసేపు ఆలోచిస్తాం. వెనక అట్ట ఏదని ఒక్కమాట అడగం. నన్నడిగితే ఖర్చు మొదట పెట్టవలసింది ఆ అట్ట మీదే.

అన్నిటికీ ఇదే సూత్రం వర్తించదు. నిమ్మలకుంట తోలుబొమ్మను పటం కట్టించాలనుకుంటే ఈ సున్నపు పొడి కలిపిన అట్ట వద్దు. తోలు ప్రోటీన్, దానికి క్షారం పడదు. ఆమ్లమూ క్షారమూ లేని తటస్థమైన అట్ట తీసుకోవాలి. తోలు తేమకు సాగి, పొడి గాలికి ముడుచుకుంటుంది కాబట్టి జిగురుతో అంటించకుండా నాలుగైదు చోట్ల దారంతో వదులుగా కట్టాలి.  పటం దగ్గర దీపం కావాలనుకుంటే, వేడెక్కే పాత బల్బు బదులు ఎల్ఈడీ దీపం పెడితే తోలు ఎండి వంకరపోదు.

ఫోటోకు, గాజుకు మధ్య ఖాళీ తప్పనిసరి. ఫోటో పైపొర జెలటిన్. తేమకు అది ఉబ్బి, మెత్తబడి గాజుకు అతుక్కుంటుంది. తర్వాత లాగితే బొమ్మ ఊడి గాజుతో పోతుంది. మౌంట్ అట్ట అందానికే అనుకుంటాం గానీ, దాని మందమే ఈ ఖాళీని ఇస్తుంది. మామూలు గాజు అతినీలలోహిత కిరణాల్లో కొన్నిటినే ఆపుతుంది. కంటికి కనిపించే వెలుగు కూడా రంగులను వెలిసేలా చేస్తుంది, ఒకసారి వెలిసింది తిరిగి రాదు.

మన ఇళ్లలో పెద్దల పటాలకు మరో గండం పూలదండ. నీళ్లు చల్లిన మల్లెల తడి గాజు మీదుగా జారి, చట్రం కింది అంచులో చేరుతుంది. అక్కడి నుంచి దీపపు వత్తి నూనెను పీల్చినట్టు అట్ట దాన్ని పైకి పీలుస్తుంది. మా అవ్వాతాతల ఫోటోలో కూడా కింది అంచే ఎక్కువ చెడింది.

ఆ ఫోటోకు కొత్త అట్ట పెట్టించాం. గోడకు ఆనకుండా వెనక నాలుగు మూలలా చిన్న బెండు ముక్కలు అంటించి, నడవ లోపలి గోడకు తగిలించాం. దండ కోసం పటం పక్కనే వేరే మేకు కొట్టాం.