ఫేజ్ సీసా సరే, కల్చర్ రిపోర్ట్ ఏది?

గుంటూరు కొత్తపేటలోని మా ల్యాబ్ కౌంటర్ దగ్గర ఈ నెలలో ఇది నాలుగోసారి. "మేడం, బ్యాక్టీరియాను తినే వైరస్ వచ్చిందటగా, ఇంక ఈ టెస్టులన్నీ ఎందుకు?" ఆ వైరస్ పేరే ఫేజ్.

అపోహ: ఏ ఇన్ఫెక్షన్‌కైనా ఒకటే ఫేజ్ సీసా.

ఫేజ్‌కి అంత కలుపుగోలుతనం లేదండీ. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాలో ఒక రకాన్ని చంపే ఫేజ్ ఇంకో రకం జోలికే పోకపోవచ్చు. మీ నాన్నగారి పుండులో ఉన్న రకం (స్ట్రెయిన్) మీద దాని తోక అతుక్కునే చోటు ఉండాలి. అది తెలియాలంటే ముందు కల్చర్, అంటే పుండులోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూడటం, కావాలి.

పోయిన వేసవిలో విజయవాడ నుంచి ఒకాయన వచ్చాడు. తండ్రికి షుగర్ పుండు. ఆన్‌లైన్‌లో తెప్పించిన సీసాను, ఫ్రిజ్‌లో ఉండాల్సిన సరుకును, ఎండలో కారు డ్యాష్‌బోర్డ్ మీద పెట్టుకొచ్చాడు. దానికోసం మూడు వారాలు ఆగారట. పుండు మీద దూదిపుల్లతో స్వాబ్ తీసి, క్రిమి పెరిగే ప్లేట్ మీద వేస్తే మర్నాటికి ప్లేటంతా ఆకుపచ్చగా, ద్రాక్షపళ్ల వాసన. సూడోమోనాసే. ఆయన మనసు కుదుటపడాలని ఇంకో ప్లేట్ నిండా దాన్నే పరిచి, ఒక పక్క సీసాలోని చుక్క, మరోపక్క యాంటీబయాటిక్ పట్టించిన చిన్న కాగితపు బిళ్లలు (డిస్కులు) పెట్టాను. ఫేజ్ పనిచేస్తే చుక్క పడ్డచోట అద్దంలా తేటపడాలి. ఏమీ లేదు. రెండు డిస్కుల చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ, అంటే అక్కడ క్రిమి పెరగలేదు. రెండూ మన ఊళ్లో దొరికే మందులే. "మూడు వారాలు మేడం" అన్నాడాయన, ప్లేట్ మీంచి కళ్లు తిప్పకుండా. అప్పటికే పెద్దాయన కాలివేళ్లు రెండు నల్లబడ్డాయి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

కరోనా లాంటిదా? కాదమ్మా. ఫేజ్ బ్యాక్టీరియాకే పడుతుంది, మన కణాలకు కాదు. శుద్ధి చెయ్యని సీసాలో మిగిలిపోయే బ్యాక్టీరియా విషాలకు భయపడండి.

కొత్త వింతా? డెరెల్ అనే శాస్త్రవేత్త దీనికి పేరు పెట్టింది 1917లో. జార్జియా దేశంలో ఫేజ్‌ల మీద పనిచేసే టిబిలిసి సంస్థ 1923 నాటిది.

యాంటీబయాటిక్స్ మానెయ్యొచ్చా? 2016లో శాన్‌డియాగోలో మందులకు లొంగని ఇన్ఫెక్షన్ వచ్చిన టామ్ ప్యాటర్సన్‌కు ఫేజ్‌లు ఎక్కించినప్పుడు యాంటీబయాటిక్స్ కూడా నడిచాయి. పైగా బ్యాక్టీరియా ఫేజ్‌కి కూడా మొండికేస్తుంది.

ఫేజ్‌ల కోసం నది నీళ్లు తాగితే? గంగ, యమున నీళ్లలో కలరా క్రిమి చస్తోందని హాంకిన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1896లోనే రాశాడు. కృష్ణలోనూ ఫేజ్‌లుంటాయి, వాటికి తిండి అయిన బ్యాక్టీరియా కూడా అక్కడే ఉంటుంది. కాచి తాగండి.

స్వాబ్‌కి వచ్చేటప్పుడు పుండు మీద పసుపు, పౌడరు వెయ్యకండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే వస్తే మరీ మంచిది.