పెళ్ళి పత్రిక చదువుతూ ఫోను ఎక్కిళ్ళు పెట్టిన సంగతి

కావలి,
మాఘమాసం.

ఒంగోలులోని మనవళ్ళకూ మనవరాళ్ళకూ తాత ఆశీస్సులు.

మొన్న వచ్చిన పెళ్ళి పత్రికను మీరు ఫోను చేత చదివిస్తే, అది "చి" అని ఆగి, "ల" అని ఆగి, "సౌ" అని మళ్ళీ ఆగి, ఆ తరువాత గానీ పెళ్ళికూతురి పేరు పలకలేదనీ, మీరందరూ పొట్ట చేత పట్టుకొని నవ్వుతుంటే చిన్నవాడు "ఫోనుకి ఎక్కిళ్ళు ఎందుకొచ్చాయి?" అని అడిగాడనీ మీ అమ్మ చెప్పింది. వాడు అడిగింది చాలా మంచి ప్రశ్న.

ఫోను ముందు రాతను వాక్యాలుగా తెంపుకొని, ఒక్కొక్క వాక్యంలో గొంతు ఎక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో చూసుకొని, అప్పుడు చదువుతుంది. ఒక భాషలో నుంచి ఇంకొక భాషలోకి మార్చే సాఫ్ట్‌వేరుకు కూడా సాధారణంగా ఇదే మొదటి పని. చుక్క ఉన్నచోట తెంపితే సరిపోదా అని మీకు తోచవచ్చు. నాకూ పదేళ్ళప్పుడు అలాగే తోచి, మంచి ప్రయాణం ఒకటి చెడింది.

ఆ ఏడు సంక్రాంతికి నన్ను ఒక్కణ్ణే కందుకూరు బస్సు ఎక్కించి, మేనత్తకు ఇమ్మని అరిసెల డబ్బా చేతికిచ్చి, "మూడోసారి ఆగినప్పుడు దిగు" అని మా జేజి చెప్పింది. బస్సు ఒక ఊళ్ళో ఆగింది, తరువాత గేదెలు అడ్డం వస్తే ఆగింది, మూడోసారి రైలు గేటు దగ్గర ఆగింది. లెక్క సరిపోయింది గనుక నేను దిగాను. రైలు పోయింది, గేటు లేచింది, బస్సు వెళ్ళిపోయింది. గేటు కాపలా ఆయన నన్ను తన గదిలో కూర్చోబెట్టుకొని తరువాతి బస్సు ఎక్కించాడు గానీ, అరిసెలు మాత్రం మేనత్తకు సగమే చేరాయి.

చుక్క అంటే బస్సు ఆగడం, వాక్యం ముగియడమంటే స్టేజి రావడం. "చి.ల.సౌ." అన్న పొడి అక్షరాలలోని చుక్కలు గేదెల కోసం ఆగినవి, ముహూర్తం 9.42 లోని చుక్క రైలు గేటు. మరి కళ్ళు మూసుకొని కూర్చున్నవాడికి ఏది స్టేజో ఎలా తెలుస్తుంది? ఆగిన తరువాత కండక్టరు విజిల్ వినబడుతుందేమో చూసుకోవాలి. ఇంగ్లీషులో అటువంటి విజిల్ ఉంది, కొత్త వాక్యం క్యాపిటల్ అక్షరంతో మొదలవుతుంది. ప్రపంచంలోని లిపులన్నిటినీ కంప్యూటరులో కుదిర్చే యూనికోడ్ వారు వాక్యాలు తెంపడానికి రాసిపెట్టిన నియమాలలో, చుక్క వెంటనే అంకె వస్తే తెంపవద్దనీ, చుక్క తరువాత చిన్న అక్షరం వస్తే తెంపవద్దనీ ఉంది. మొదటి నియమం మనకూ పనికొస్తుంది, అందుకే కాబోలు మీ ఫోను "తొమ్మిది పాయింటు నలభై రెండు" అని ఎక్కిలి లేకుండా చదివింది. రెండోది మనకు అక్కరకు రాదు, ఎందుకంటే తెలుగు అక్షరాలలో చిన్నా పెద్దా తేడా లేదు. విజిల్ లేని బస్సులో పాపం అది ఆగిన చోటల్లా దిగింది.

రోజూ ఆ దారిన పోయే పాలాయన దగ్గర స్టేజీల జాబితా ఏమీ ఉండదు, అయినా గేటు దగ్గర బస్సు ఎప్పుడూ ఆగుతుందనీ, ఎవరూ దిగరనీ అతనికి తెలుసు. 2006లో టిబోర్ కిస్, యాన్ స్ట్రుంక్ అనే ఇద్దరు పరిశోధకులు వివరించిన పద్ధతి ఈ పాలాయన పద్ధతే. యంత్రానికి బోలెడంత రాత ఇస్తే, ఏ మాట ఎప్పుడూ చుక్కను వెంటబెట్టుకొనే వస్తుందో, అది ఎంత పొట్టిదో, దాని కడుపులో కూడా చుక్కలున్నాయో చూసుకొని, ఇవి పొడి అక్షరాలని తనే తేల్చుకుంటుంది. వారు పదకొండు భాషల మీద పరీక్షించారు గానీ వాటిలో మన దేశపు భాష ఒక్కటీ లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. గేటు పక్కనే ఇల్లున్నవాడు నిజంగానే అక్కడ దిగుతాడు. "మా బావ చదివింది బి.ఎ." అన్నప్పుడు చివరి చుక్క రెండు పనులూ చేస్తుంది.

తెలుగులో క్రియ సాధారణంగా చివర వస్తుంది గనుక అదీ ఒక గుర్తే. "వచ్చి" అంటే ఇంకా ఏదో ఉందని, "వచ్చాడు" అంటే అయిపోయిందని అనుకుంటాము. అంతలో పక్కన "అని" చేరి వాక్యం మళ్ళీ బయలుదేరుతుంది. మీరు కూడా పెద్దవాళ్ళ మాటకు అడ్డం వెళ్ళేముందు ఆ "అని" వస్తుందేమో కాస్త చూడండి, ముఖ్యంగా మీ అమ్మ మాట్లాడేటప్పుడు.

ఇక భాషలు కలిసిన పేజీ అయితే, ఎక్కడ ఏ భాష నడుస్తున్నదో కూడా పోల్చుకోవాలి. హిందీవారు నిలువు గీత గీస్తారు, చైనా జపాను వారు చిన్న సున్నా చుడతారు, ఉర్దూలో అడుగున చిన్న అడ్డగీత ఉంటుంది, గ్రీకువారి ప్రశ్న గుర్తు మనకు సెమికోలన్‌లాగా కనబడుతుంది. థాయి భాషలోనైతే మాటలన్నీ కలిపే రాస్తారు, వాక్యం చివర చుక్క పెట్టే అలవాటు లేదు, కాస్త ఖాళీ వదులుతారు, ఆ ఖాళీ కూడా వాక్యం మధ్యలో రావచ్చు. ఇక్కడికి వచ్చేసరికి నా బస్సు కదలడం లేదు. 13వ శతాబ్దంలో మన నెల్లూరి తిక్కనగారి పద్యాలు తాటాకుల మీదికెక్కినప్పుడు మాటల మధ్య ఖాళీలు లేవు, నేటి ఫుల్‌స్టాపూ లేదు. అయినా రాగం తీసి చదివేవారికి యతీ ప్రాసా తెలుసు గనుక ఎక్కడ ఊపిరి తీసుకోవాలో గొంతే చెప్పేది. అటువంటి గొంతును యంత్రానికి ఎలా నేర్పుతారా అని తలచుకుంటే నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఆ పెళ్ళి పత్రికను మళ్ళీ తీసి, పెన్సిలుతో చుక్కలన్నీ లెక్కపెట్టి, నిజంగా వాక్యం ముగిసిన చుక్కలు ఎన్నో నాకు రాయండి. నాకు రెండే కనబడ్డాయి. రెండోదాని మీద మీ జేజికీ నాకూ వాదన ఇంకా నడుస్తున్నది.

ఇట్లు,
మీ తాత