కార్బొరేటర్ మార్చే ముందు ఒక్కసారి పెట్రోలు గొట్టం చూడండి

కడపలో మార్చి దాటిందంటే మా షెడ్డుకు ఒకటే కథ. పాత అంబాసిడరో, పద్మినీయో, కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు ఇచ్చేది) ఉన్న మారుతి 800ఓ. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే లేచిన బండి, ఘాట్ ఎక్కి గువ్వలచెరువులో కోవా కొనేలోపు మొండికేస్తుంది. పిల్లలు ఎండలో, ఇంట్లోవాళ్లకు టెన్షన్. "కార్బొరేటర్ పోయిందంటన్నా, కొత్తది వేయమన్నారు" అంటూ వస్తారు.

అపోహ: వేడిలో ఆగిందంటే కార్బొరేటర్ పోయినట్టే.

వాస్తవం: చల్లారాక మామూలుగా నడుస్తుంటే దాని జోలికి పోకండి. ఇంజిన్ పక్కనుండే ఏసీ పంపు (ఏసీ అంటే చల్లగాలి కాదు లెండి) వెనక ట్యాంకు నుంచి పెట్రోలు పీలుస్తుంది. బండి ఆపగానే ఫ్యాను, నీళ్లు రెండూ ఆగి, బానెట్ కింద వేడి ఇంకా పెరుగుతుంది. పంపులో, గొట్టంలో ఉన్న పెట్రోలు ఆవిరైపోతుంది. ఆవిరిని ఆ పంపు నెట్టలేదు.

ఎయిర్ క్లీనర్ తీసి, ఇంజిన్ ఆపి ఉండగానే యాక్సిలరేటర్ లివర్ ఒకసారి నొక్కి లోపలికి చూడండి. సన్నని ధార పడకపోతే పెట్రోలు అందడం లేదు. పడుతోందా, అయితే స్పార్క్ చూడండి. స్పార్క్‌కు కరెంటు ఇచ్చే కాయిల్ వేడెక్కి చచ్చినా ఇదే నాటకం ఆడుతుంది. పెట్రోలు వాసన గుప్పుమంటే కార్బొరేటర్‌లోనే మరిగి పొంగినట్టు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి, పదేపదే తొక్కకండి.

ఒక రిటైర్డ్ అయ్యవారు తన పద్మినీకి ఒకే వేసవిలో రెండు కార్బొరేటర్లు మార్పించి నా దగ్గరకొచ్చారు. బానెట్ ఎత్తితే పెట్రోలు గొట్టం ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌కు (ఇంజిన్ వేడి పొగ బయటికి పోయే దారి) ఆనుకుని మెరుస్తోంది. పాత రిపేరులో ఎవరో క్లిప్పు బిగించడం మరిచారు. నాలుగు వేళ్ల దూరం జరిపి, క్లిప్పు వేసి, మధ్యలో రేకు అడ్డం పెట్టాను. ఆయన ఆ రెండు బిల్లులూ జేబులోంచి తీసి చూపించారు, పాపం.

అపోహ: బంకులో కల్తీ పెట్రోలు పోశారు.

ప్రతిసారీ కాదు. పెట్రోలులో 2022లో 10 శాతమున్న ఇథనాల్ (ఒకరకం ఆల్కహాల్) 2025కి 20 శాతానికి వచ్చింది. ఇథనాల్ విడిగా 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది గానీ, పెట్రోలులోని తేలిక భాగాలతో కలిస్తే ఇంకా ముందే ఆవిరవుతుంది. పాత రబ్బరు గొట్టాలనూ తినేస్తుంది. చీలికలోంచి పంపు గాలి పీలుస్తుంది. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు వేయించండి, కార్బొరేటర్ కింద ఇంజిన్ వేడిని ఆపే బేకలైట్ ప్యాకింగ్ ఉందో లేదో చూడండి, రేడియేటర్ కడిగించండి.

ఖరీదైన హై ఆక్టేన్ పెట్రోలు? అది నాకింగ్‌కు (ఇంజిన్ టకటకా కొట్టుకోవడం) మందు, దీనికి కాదు. వేడి లాగేస్తాయని గొట్టానికి బట్టల క్లిప్పులు పెట్టడమా? నవ్వొస్తుంది. పంపు మీద తడిగుడ్డ మాత్రం దారిలో పనిచేస్తుంది. కాలుతున్న ఇంజిన్ మీద నీళ్లు మాత్రం గుమ్మరించకండి, బ్లాక్ పగలొచ్చు.

ఎలక్ట్రిక్ పంపు పెట్టిస్తే ట్యాంకు దగ్గరే పెట్టించండి, అక్కడి నుంచి నెట్టే పెట్రోలు అంత తొందరగా ఆవిరవదు. ఇంజిన్ ఆగితే పంపూ ఆగేలా కటాఫ్ స్విచ్ అడిగి మరీ వేయించుకోండి.