కాగితం ఎక్కని కొండ వైద్యం

సీతంపేట సంతలో కరక్కాయల కుప్ప ముందు కూర్చున్న సవర గిరిజన అవ్వని దగ్గుకి మందు అడిగితే, ఓ ముక్క బుగ్గన పెట్టుకుని మెల్లగా రసం మింగమంటుంది. ఏ చెట్టు కాయ మంచిదో, ఎంత ముదిరాక కోయాలో కూడా చెబుతుంది. 2022 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండి, ఇప్పుడు పార్వతీపురం మన్యంలోకి వెళ్లిన ఈ కొండల్లో ఆ తెలివిడి అంతా నోటిమాటే.

ఆ కాయలో ఏముందో కెమిస్ట్రీ చాలావరకు చెప్పేసింది. కరక్కాయ కషాయంలో రెండు చుక్కలు ఫెర్రిక్ క్లోరైడ్ అనే ఇనుప లవణ ద్రావణం వేయండి, క్షణంలో నీలం కలిసిన నలుపు తిరుగుతుంది. టానిన్లు, అంటే వగరు పదార్థాలు, ఉన్నట్టు లెక్క. మన పెద్దవాళ్లు కరక్కాయ కషాయంలో అన్నభేది (ఇదీ ఇనుప లవణమే) కలిపి సిరా చేసుకున్నప్పుడు జరిగిందీ ఇదే: టానిన్ ఇనుముని పట్టుకుంటుంది. ప్రోటీన్లనీ అలాగే పట్టేస్తుంది కాబట్టే తోళ్లు ఊనడానికి ఈ కాయ వాడారు. బాక్టీరియా మీదా దాదాపు అదే పని. దాని ప్రోటీన్లకి అతుక్కుంటుంది, బతకడానికి కావలసిన ఇనుముని అందకుండా చేస్తుంది. ఈ టానిన్లలో ముఖ్యమైనవి చెబులాజిక్, చెబులినిక్ ఆమ్లాలు.

ల్యాబ్‌లో ఈ బలం చూడడానికి కాయ సారాన్ని అగర్ ప్లేటు (బాక్టీరియాని పెంచే జెల్లీ పళ్లెం) గుంటలో పోసి, మర్నాడు చుట్టూ బాక్టీరియా పెరగని వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. చాలా థీసిస్‌లు అక్కడే ఆగిపోతాయి, నా బాధ అదే. టానిన్ల లాంటి పెద్ద అణువులు అగర్‌లో మెల్లగా పాకుతాయి, అందుకని వలయం చిన్నదైతే మందు బలహీనమని అనుకోకూడదు. పైగా సారం తీసేది తరచు విషపు ఆల్కహాల్ అయిన మిథనాల్‌తో. కొండ మీద ఎవరు మిథనాల్‌లో నానబెడతారు? కాయ ఏ నెలలో కోశారో, ఎవరు చూపించారో రాయకపోతే ఆ మిల్లీమీటర్లతో ఏం చేసుకోవాలి?

రాసి ఉండడం ఎంత ముఖ్యమో పసుపు విషయంలో తెలిసింది. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికా పేటెంట్ ఇచ్చింది. సీఎస్‌ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ) పాత గ్రంథాలు, 1953 నాటి మెడికల్ జర్నల్ వ్యాసం చూపించి 1997లో దాన్ని రద్దు చేయించింది. ఇలాంటి పేటెంట్లని అడ్డుకోడానికే 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ లైబ్రరీ మొదలైంది. కానీ అందులోకి ఎక్కినవి ప్రధానంగా ఆయుర్వేదం, యునానీ, సిద్ధ గ్రంథాల్లోవి. సవర అవ్వ మాటకి గ్రంథం ఎక్కడుంది?

సవర భాషని కాగితం మీద పెట్టడానికి గిడుగు రామమూర్తి గారు ఏళ్ల తరబడి కష్టపడ్డారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. భాషకి జరిగిన ఆ మేలు వైద్యానికి జరగలేదు. గిరిజన సహకార సంస్థ కరక్కాయ కొంటుంది, కాయకి కిలోకింత అని ధర ఉంది. కోత కాలం చెప్పిన మాటకి పైసా లేదు.

దారి లేదనలేం. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో కమిటీ ఉండాలి, ఊళ్లోని మొక్కలు, జంతువులు, వాటి గురించి జనానికి తెలిసినవి నమోదు చేసే ప్రజల జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. ఆ రిజిస్టర్‌లో కరక్కాయ అన్న పేరుతో సరిపెట్టకుండా సవర పేరు, కోసే నెల, వాడే భాగం, మోతాదు, చెప్పిన ఊరు రాయాలి. రాసేముందు ఆ ఊరి అనుమతి అడగాలి. ల్యాబ్‌కి శాంపిల్ వెళ్లేటప్పుడు ఆ పేజీ కూడా వెంట వెళ్లాలి.