యాంటీబయాటిక్ ఎన్ని రోజులు వాడాలి? అపోహలు - వాస్తవాలు

కోనసీమలో జనరల్ మెడిసిన్ చూస్తుంటాను. "ఇది ఇంకెన్నాళ్లు మింగాలండీ?" అని అడిగేవాళ్లతో నాకు ఇబ్బంది లేదు. అడక్కుండా మింగుతూ పోయేవాళ్లతోనే.

అపోహ: జ్వరం తగ్గినా ఎందుకైనా మంచిది, ఇంకో వారం వాడాలి.

వాస్తవం: జబ్బును బట్టి లెక్క. న్యుమోనియాలో జ్వరం దిగి మనిషి తేరుకుంటే చాలామందికి 5 రోజులు చాలు. ఆడవాళ్లకు మామూలుగా వచ్చే మూత్రంలో మంటకు నైట్రోఫ్యూరంటాయిన్ కూడా 5 రోజులే. పిల్లల గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా చేరితే మాత్రం పెన్సిలిన్ 10 రోజులు పడాల్సిందే, లేకపోతే కీళ్లవాతం గుండెకు పాకే ప్రమాదం ఉంది. మామూలు టీబీకి 6 నెలలు. వైరల్ జ్వరానికి ఒక్క రోజు వాడినా దండగే.

మందు సగంలో ఆపేస్తేనే క్రిములు మొండికేస్తాయన్న మాట అందరి నోటా ఉంది. అవసరానికి మించి వాడినా అంతే. ఒంట్లో మందుకు లొంగే బ్యాక్టీరియా చచ్చి, లొంగనివి పెరుగుతాయి. నిషేధించిన యాంటీబయాటిక్ ఆనవాళ్లు దొరికితే ఎగుమతి సరుకు వెనక్కొస్తుందని మన రొయ్యల రైతులకు నేను చెప్పక్కర్లేదు. తమకు దగ్గొస్తే మాత్రం అజిత్రోమైసిన్ స్ట్రిప్ జేబులో పెట్టుకుని తిరుగుతారు!

అపోహ: ఎక్కువ వాడితే వేడి చేస్తుంది, అంతే. బొండాం తాగితే సరి.

వాస్తవం: మెట్రోనిడజోల్ వారాల తరబడి మింగితే అరికాళ్లు తిమ్మిరెక్కి మండుతాయి. షుగర్ ఉన్నవాళ్లు అది షుగర్ వల్లేననుకుంటారు. లినెజోలిడ్ రెండు వారాలు దాటితే రక్తకణాలు పడిపోవచ్చు, నెల దాటితే చూపు దెబ్బతినొచ్చు. ఏ యాంటీబయాటిక్ అయినా, ఆపేసిన కొన్ని వారాలకు కూడా తీవ్రమైన విరేచనాలు పట్టుకోవచ్చు.

ఆయాసంతో వచ్చిన ఒక పెద్దావిడ పాలిథిన్ సంచి విప్పితే అందులో నైట్రోఫ్యూరంటాయిన్ స్ట్రిప్పులు, మడతల దగ్గర చిరిగిపోయిన పాత చీటీ ఉన్నాయి. "ఇప్పటికీ వాడుతున్నారా మామ్మగారూ?" అంటే "ఆయ్, మంట మళ్లీ వస్తదేమోనని మానలేదండి" అంది. ఈ మందు నెలల తరబడి పడితే కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడతాయి. పొడిదగ్గు, నాలుగడుగులకే ఆయాసం మొదలైతే వెంటనే డాక్టరుకు చూపించాలి.

అపోహ: ఏ యాంటీబయాటిక్ అయినా నెలల తరబడి వాడితే ముప్పే.

వాస్తవం: ఇది విని బోదకాలు ఉన్నవాళ్లు పెన్సిలిన్ ఇంజెక్షన్ మానేస్తుంటారు. డెల్టాలో ఆ జబ్బు పాతదే. చలి జ్వరం వచ్చి, గజ్జల్లో బిళ్ల కట్టి, కాలు ఎర్రగా పొంగేది చాలాసార్లు ఫైలేరియా పురుగు వల్ల కాదు. వేళ్ల సందుల్లో తడికి నాని పాసిన చోటు నుంచి లోపలికి దూరే బ్యాక్టీరియా వల్ల. అలా జ్వరం వచ్చినప్పుడల్లా వాపు ఇంకాస్త పెరుగుతుంది. మాటిమాటికీ వచ్చేవాళ్లకు మూడు నాలుగు వారాలకోసారి ఆ ఇంజెక్షన్ వేస్తాం, నెలలు పట్టినా సరే. వాతం వల్ల గుండె కవాటాలు దెబ్బతిన్న పిల్లలకైతే ఏళ్ల తరబడి. పొలం నుంచి రాగానే కాలు సబ్బుతో కడిగి, వేళ్ల మధ్య తడి లేకుండా గుడ్డతో ఒత్తుకుంటే ఆ జ్వరాలు సగానికి సగం తగ్గుతాయని నా అనుభవం.

అపోహ: మందుల షాపులో అడిగితే ఇస్తున్నారంటే ప్రమాదం లేనట్టే.

వాస్తవం: చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మడం చట్టవిరుద్ధం. సెఫిక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్ లాంటివి 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 కింద, అంటే మరింత కట్టుదిట్టంగా అమ్మాల్సిన మందుల జాబితాలో ఉన్నాయి. రాసిన డాక్టరు పేరు, రోగి పేరు షాపువాళ్లు వేరే రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు ఉంచాలి.